ఫాంటమ్ డయానాని పెళ్లికి అడిగిన కథ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫాంటమ్ అంటే పేపర్లో రోజుకి కొన్ని బొమ్మల చొప్పున వచ్చే కథలోని (స్ట్రిప్) ముసుగు హీరో, డయానా అతని ప్రియురాలు. అతని పెళ్లి గురించి మాట మొదలైతే చాలు, అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తాయి. చిన్నప్పుడు ఇంద్రజాల్ కామిక్స్‌లో ముక్కలుముక్కలుగా చదివినవాళ్లవి కొన్ని, సినిమా మాత్రమే చూసినవాళ్లవి కొన్ని, ఈ మధ్యే పాత స్ట్రిప్‌లు తిరగేస్తున్న పిల్లలవి కొన్ని. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. దేనికది విడిగా చదువుకోవచ్చు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## పెళ్లి మాటకి ముందు

ఫాంటమ్ నాలుగొందల ఏళ్ల నుంచి బతికే ఉన్నాడు కదా, మరి అతనికి పెళ్లేంటి?

అడవిలో జనం అలా నమ్ముతారు, నిజం వేరు. 1536లో సింగ్ సముద్రపు దొంగలు ఒక ఓడ మీద పడి అందరినీ చంపేస్తే, ఒక్క కుర్రాడు కొట్టుకొచ్చి బంగల్లా అనే కల్పిత దేశం ఒడ్డున పడతాడు. బండార్ తెగవాళ్లు అతన్ని కాపాడతారు. తండ్రిని చంపినవాడి పుర్రె మీద చెయ్యి వేసి ఆ కుర్రాడు ప్రమాణం చేస్తాడు: సముద్రపు దోపిడీని, అత్యాశని, క్రూరత్వాన్ని, అన్యాయాన్ని నాశనం చేయడానికే నా బతుకు, నా తర్వాత నా కొడుకులు, వాళ్ల తర్వాత వాళ్ల కొడుకులు ఇదే పని చేస్తారు అని. అప్పటినుంచి తండ్రి పోగానే కొడుకు అదే ముసుగు, అదే దుస్తులు వేసుకుంటున్నాడు కాబట్టి బయటివాళ్లకి మనిషి మారినట్టే తెలియదు. మనం చదివే హీరో 21వ ఫాంటమ్, అసలు పేరు కిట్ వాకర్.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆ ప్రమాణాన్ని మళ్లీ చదవండి. కొడుకులు అన్నాడంటే ఆ మాటలోనే ఒక భార్య కూడా ఉంది. కానీ ఆమెని ఎవరూ అడగలేదు. ప్రతి తరంలోనూ ఒక ఫాంటమ్ ఒక అమ్మాయి ముందు నిలబడి పెళ్లి మాట ఎత్తినప్పుడే ఆ ప్రమాణానికి ఆమె ఒప్పుకుంటుందో లేదో తేలుతుంది. నాకు ఈ పెళ్లి కథ మీద ఇంత ఇష్టం ఉండడానికి కారణం అదే.

డయానా ఎవరు? అడవిలో తారసపడిన అమ్మాయా?

కాదు. డయానా పామర్‌ది న్యూయార్క్, డబ్బున్న కుటుంబం. 1936 ఫిబ్రవరి 17న స్ట్రిప్ మొదలైనప్పుడు మనకి ముందు కనిపించేది ఫాంటమ్ కాదు, ఆవిడే. గ్లవ్స్ తొడుక్కుని బాక్సింగ్ చేస్తూ, ఎదురుగా ఉన్న మగవాడిని పడగొడుతూ కనిపిస్తుంది. ఊళ్లు తిరిగే సాహసి, ఎవరో వచ్చి రక్షించాలని కూర్చునే రకం కాదు. ఆవిడ ఓడలో తెస్తున్న విలువైన అంబర్‌గ్రిస్ (తిమింగలం నుంచి వచ్చే, అత్తరుల్లో వాడే పదార్థం) కోసం సింగ్ దొంగలు వెంటపడితేనే ఫాంటమ్ రంగంలోకి దిగుతాడు.

ఆ మొదటి కథలో ఇద్దరూ కొత్తవాళ్లలాగే కలుస్తారు. తర్వాతి కాలంలో రచయిత లీ ఫాక్ వాళ్లకి చిన్ననాటి పరిచయం కల్పించాడు. కుర్రాడైన కిట్‌ని చదువుకోసం అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రానికి, క్లార్క్స్‌విల్‌లో ఉన్న బంధువుల ఇంటికి పంపుతారు, అక్కడే చిన్నారి డయానా పరిచయం. రెండు రకాలుగానూ చదివి తికమకపడేవాళ్లు చాలామంది ఉన్నారు, తప్పు వాళ్లది కాదు, కథే మారింది.

జిమ్మీ వెల్స్ ఎవరు? డయానా వెంటపడ్డవాడేనా?

అవును, ఇంకా పెద్ద సంగతి కూడా ఉంది. మొదట్లో లీ ఫాక్ ఆలోచన ప్రకారం ఫాంటమ్ అంటే జిమ్మీ వెల్సే. పగలంతా పనీపాటా లేని డబ్బున్న కుర్రాడు, రాత్రయితే ముసుగు వేసుకుని దుర్మార్గుల పని పట్టేవాడు. కథ నడుస్తుండగానే ఫాక్ మనసు మార్చుకుని ఫాంటమ్‌ని అడవికి తీసుకెళ్లిపోయాడు, నాలుగొందల ఏళ్ల వంశాన్ని అల్లాడు, జిమ్మీ ఉత్త జిమ్మీగానే మిగిలిపోయాడు. ఆ మార్పు జరగకపోయి ఉంటే డయానా పెళ్లాడేది న్యూయార్క్ కుర్రాడిని, ఈ పేజీ రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

ఇంద్రజాల్‌లో డెంకాలి అని చదివాను, ఇక్కడ బంగల్లా అంటున్నారు. రెండూ వేరా?

ఒకటే దేశం. ఇంద్రజాల్ కామిక్స్ 1964లో మొదలైంది, టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్లు వేసేవారు. మన దేశంలో ఎవరూ నొచ్చుకోకుండా కొన్ని పేర్లు మార్చారు. బంగల్లా డెంకాలి అయింది, సింగ్ దొంగలు సింగా అయ్యారు. పెళ్లి కథలో వచ్చే మనుషులు, వరసలు మాత్రం అవే.

## ఎదురుచూపుల కాలం

అంత ప్రేమ ఉన్నవాడు 41 ఏళ్లు ఎందుకు ఆగాడు?

అందరూ ముందు అడిగేది ఇదే. 1936లో కలిసి 1977లో పెళ్లి చేసుకున్నారు. దీనికి కథలో ఒక కారణం ఉంది, కథ బయట ఇంకొకటి ఉంది.

కథలో చూస్తే, ఫాంటమ్ ఇవ్వగలిగింది ఏముంది? పుర్రె ఆకారంలో ఉన్న ఒక గుహ, దట్టమైన అడవి, ఏ రోజు తిరిగొస్తాడో తెలియని మొగుడు. పుట్టే కొడుకు కూడా ఇదే బతుకులోకి రావాలి. 20 మంది ఫాంటమ్‌ల సమాధులు ఆ గుహలోనే వరసగా ఉంటాయి, కొత్త పెళ్లికూతురు కాపురానికి వచ్చే ఇంట్లో అవి కళ్లెదుట కనిపిస్తూనే ఉంటాయి. డయానాకి చూస్తే న్యూయార్క్‌లో ఇల్లు, తల్లి, ఐక్యరాజ్యసమితిలో ఉద్యోగం, తనకంటూ ఒక పేరు. ఇవన్నీ వదిలి రమ్మని నోరు తెరిచి అడగడానికి మంచివాడెవడైనా జంకుతాడు. ఫాంటమ్ జంకాడు. వందమంది దొంగల మీదకి ఒక్కడే వెళ్లేవాడు ఈ ఒక్క మాట దగ్గర ఆగిపోవడం నాకు పాత్రకి తగ్గట్టే అనిపిస్తుంది, చాలామంది దీన్ని పిరికితనం అంటారు గానీ నేను ఒప్పుకోను.

కథ బయట సంగతి ఇంకా తేలిక. రోజూ పేపర్లో వచ్చే సాహస కథకి పెళ్లి అంటే భయం. హీరో ఒంటరిగా ఉన్నంతకాలం ఎక్కడికైనా వెళ్తాడు, ఎవరితోనైనా తలపడతాడు, ప్రియురాలు ప్రమాదంలో పడుతూనే ఉంటుంది. పెళ్లయితే ఇల్లు, పిల్లలు, బాధ్యతలు వస్తాయి, కథ ఊపు పోతుందేమోనని రచయితకీ టెన్షనే, స్ట్రిప్‌లని పేపర్లకి అమ్మే సంస్థ సిండికేట్‌కీ టెన్షనే. అయినా మిగతా స్ట్రిప్‌ల హీరోలు ఇంత ఆలస్యం చేయలేదు. ప్రిన్స్ వాలియంట్ 1946లో, డిక్ ట్రేసీ 1949లో, లిల్ అబ్నర్ 1952లో పెళ్లి చేసుకున్నారు. వాళ్లకంటే పావు శతాబ్దం వెనక ఫాంటమ్. ఫాక్ రాసిన ఇంకో హీరో, ఇంద్రజాలికుడు మాండ్రేక్ మరీ అన్యాయం, 1934లో మొదలై ప్రియురాలు నార్డాని 1997లో గానీ పెళ్లాడలేదు.

మధ్యలో వేరే అమ్మాయిలు ఎవరూ రాలేదా?

బోలెడుమంది వచ్చారు. మొదటి ఏళ్లలోనే ఆకాశంలో దోపిడీలు చేసే ఆడ పైలట్ల ముఠా ఒకటి వస్తుంది, దాని నాయకురాలు బారొనెస్, ఆమె ముఠాలోని సాలా, ఇద్దరూ ఫాంటమ్ మీద మనసు పడతారు. రాణులు, దొంగల నాయకురాళ్లు ఇలా చాలామంది. అతని మనసు మాత్రం డయానా దగ్గరే.

ఫోన్ లేదు, ఇంటర్నెట్ లేదు. అడవిలో ఉన్నవాడు న్యూయార్క్‌లో ఉన్న ఆవిడతో ఎలా మాట్లాడేవాడు?

ఉత్తరాలు. బంగల్లా రాజధాని మావితాన్‌లో మిస్టర్ వాకర్ పేరు మీద బాక్స్ 7 అని ఒక పోస్టు పెట్టె ఉంటుంది, అక్కడికి ఉత్తరం చేరితే ఆ తర్వాత అడవి మనుషుల చేతులు మారుతూ పుర్రె గుహ దాకా వస్తుంది. ఫ్రాకా అనే డేగ కూడా ఉత్తరాలు మోస్తుంది. ఈ ఏర్పాటు నాకెంత ఇష్టమో చెప్పలేను, ఒక ఉత్తరం కోసం సగం అడవి కదులుతుంది. అతను స్వయంగా వెళ్లి కలిసేటప్పుడు పొడుగు కోటు, టోపీ, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని మిస్టర్ వాకర్‌గా వెళ్లేవాడు, పక్కన డెవిల్ అనే తోడేలు. దాన్ని చూసి కుక్కేమో అనుకున్నవాళ్లకి అది తోడేలని చెప్పేవాడు.

41 ఏళ్లలో ఇద్దరికీ వయసు రాలేదా?

రాలేదు. పేపర్ స్ట్రిప్‌లో కాలం మన కాలం కాదు. లోకం మారుతుంది, దేశాలకి స్వాతంత్ర్యం వస్తుంది, బంగల్లాకి లమాండా లువాగా అనే అధ్యక్షుడు వస్తాడు, వీళ్లిద్దరూ మాత్రం అలాగే ఉంటారు. పట్టించుకోకుండా చదవడమే మంచిది.

## అడిగిన వేళ

పెళ్లి ఏ సంవత్సరం, డైలీ స్ట్రిప్‌లోనా ఆదివారం స్ట్రిప్‌లోనా?

1977, డైలీలో. ఫాంటమ్‌కి రెండు వేర్వేరు కథలు ఒకేసారి నడుస్తాయి. సోమవారం నుంచి శనివారం దాకా వచ్చే నలుపు-తెలుపు కథ ఒకటి, 1939లో మొదలైన ఆదివారం రంగుల కథ ఇంకొకటి. బొమ్మలు సై బ్యారీవి. 1961 నుంచి 1994 దాకా ఫాంటమ్ గీసింది ఆయనే. మొదట గీసిన రే మూర్ నీడల్లో ముంచిన ఫాంటమ్ కంటే బ్యారీ ఫాంటమ్ శుభ్రంగా, నేటి మనిషిలా ఉంటాడు.

డైలీ అంటే రోజుకి రెండు మూడు ఫ్రేములు, అంతే. అంటే పెళ్లి లాంటి పెద్ద సంగతి ఒక్క రోజులో అయిపోదు. ఒక మాట ఈరోజు, జవాబు రేపు, మధ్యలో పాఠకుడికి ఒక రాత్రంతా ఉంటుంది. మనం ఇప్పుడు పుస్తకంలో గబగబా పేజీలు తిప్పుతూ చదువుతాం కాబట్టి ఆ రాత్రి మనకి అందదు. వీలైతే పుస్తకంలో చదివేటప్పుడైనా రోజుకి ఒక్క స్ట్రిప్ చొప్పున చదివి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

దాంట్లో అంత గొప్పేముంది? హీరో హీరోయిన్‌ని పెళ్లికి అడగడం మామూలేగా?

మామూలు పెళ్లి మాటలో అబ్బాయి తనని చేసుకోమని అడుగుతాడు. ఇక్కడ అడుగుతున్నది ఒక వంశం పనిలోకి రమ్మని. డయానా సరే అంటే ఆమె మొగుడిని చేసుకోవడంతో ఆగదు. అతని రహస్యాన్ని జన్మంతా కడుపులో దాచుకోవాలి, కొడుకు ఏదో ఒక రోజు ఆ ముసుగు వేసుకుంటాడని ముందే ఒప్పుకోవాలి, చివరికి అతని సమాధి కూడా ఆ గుహలోనే చూడాలి. ఆమెకి ఇవన్నీ తెలుసు. అన్నీ తెలిసి ఒప్పుకుంది. నా దృష్టిలో ఈ కథలో ధైర్యం అతనిది కాదు, ఆమెది.

ఇంకొకటి బొమ్మ గురించి. ఫాంటమ్ ముసుగులో కంటిపాపలు ఉండవు, ఉత్త తెల్లటి ఖాళీలు. పాత గ్రీకు శిల్పాల కళ్లు చూసి ఆ ఆలోచన వచ్చిందని ఫాక్ చెప్పేవాడు. దొంగల్ని భయపెట్టడానికి అది బాగా పనికొస్తుంది. ప్రేమ సన్నివేశానికి మాత్రం అదే పెద్ద చిక్కు, కళ్లు లేకుండా మనసు ఎలా చూపిస్తావు? బొమ్మ గీసేవాడికి మిగిలేది నోటి గీత, మెడ వంపు, భుజాలు, ఆమె వైపు చాచిన చెయ్యి. ఇద్దరూ ఎదురెదురుగా ఉన్న ఏ ఫ్రేమ్ తీసుకున్నా సరే, భావమంతా డయానా ముఖం మీద పెట్టి గీస్తారు, అతని ముఖం చెప్పలేనిది ఆమె కళ్లు చెప్తాయి. ఈసారి చదివేటప్పుడు ఫాంటమ్‌ని వదిలేసి ఆమెనే చూస్తూ చదవండి.

ఫాంటమ్ ముఖం చూస్తే ఘోరంగా చస్తారని సామెత ఉంది కదా, మరి డయానా?

అది అడవి సామెత, జనాన్ని దూరంగా ఉంచడానికి ఎంతో పనికొచ్చే సామెత. భార్యకి, పిల్లలకి అది వర్తించదు. పైగా ముసుగు వెనక ఉన్న కిట్ ఆమెకి చిన్నప్పటి నుంచే తెలుసు. చూడలేనిది మనమే, పాఠకులకి ఆ ముఖం పూర్తిగా చూపించకుండా ఎప్పుడూ ఏదో ఒక నీడో కళ్లద్దాలో అడ్డుపెడతారు.

పుర్రె ఉంగరమే పెళ్లి ఉంగరంగా ఇచ్చాడా?

లేదు. ఫాంటమ్‌కి రెండు ఉంగరాలు. కుడిచేతిది పుర్రె గుర్తు, ఆ చేత్తో కొడితే దుర్మార్గుడి దవడ మీద జీవితాంతం మచ్చ ఉండిపోతుంది. ఎడమచేతిది మంచి గుర్తు, అది గుండెకి దగ్గర చెయ్యి, ఆ గుర్తు ఉన్నవాళ్లు ఫాంటమ్ రక్షణలో ఉన్నట్టు. రెండూ తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవి, బహుమతిగా ఇచ్చేవి కావు.

డయానా వాళ్ల అమ్మ ఒప్పుకుందా?

లిలీ పామర్‌ గారికి మొదటి నుంచీ ఈ మిస్టర్ వాకర్ వ్యవహారం నచ్చలేదు. ఊరూ పేరూ సరిగా చెప్పడు, ఎప్పుడొస్తాడో ఎప్పుడు మాయమవుతాడో తెలియదు, ఇంట్లోకి తోడేలుని తీసుకొస్తాడు. ఏ తల్లికైనా నచ్చుతుందా చెప్పండి! ఆవిడని చెడ్డగా చూసేవాళ్లు ఒక్కసారి ఆవిడ వైపు నుంచి ఆలోచించాలి. డేవ్ మామయ్య మాత్రం ఎప్పుడూ కిట్ వైపే ఉండేవాడు.

## పెళ్లి, ఆ తర్వాత

పెళ్లికి ఎవరెవరు వచ్చారు?

బంగల్లా అధ్యక్షుడు లువాగా, పక్కనున్న ఐవరీ-లానా అధ్యక్షుడు గొరాండా వచ్చారు. మాండ్రేక్ తన బృందంతో వచ్చాడు, ఫాక్ సృష్టించిన ఇద్దరు హీరోలు ఒకే పెళ్లిలో కనబడడం అప్పటి పాఠకులకి పెద్ద పండగ. ఇక బండార్ తెగ నాయకుడు, ఫాంటమ్ నేస్తం గురాన్ లేకుండా ఆ ఇంట్లో ఏ పనీ జరగదు.

హనీమూన్ ఎక్కడ?

కీలా-వీ తీరంలో. అక్కడ ఇసుక బంగారం, ఒడ్డున జేడ్ రాతితో కట్టిన గుడిసె. ఫాంటమ్‌లందరూ పెళ్లయ్యాక అక్కడికే వెళ్లడం ఆచారం.

పెళ్లయ్యాక డయానా ఉద్యోగం మానేసిందా?

మానలేదు, ఐక్యరాజ్యసమితి పని కొనసాగించింది. అది నాకు పెళ్లంత ముఖ్యమైన సంగతి. 1936లో బాక్సింగ్ గ్లవ్స్‌తో వచ్చిన మనిషిని పెళ్లి పేరుతో గుహలో కూర్చోబెట్టి ఉంటే ఆ పాత్రకి పెద్ద ద్రోహమే అయ్యేది, ఫాక్ ఆ పని చేయలేదు.

పిల్లలు? తర్వాతి ఫాంటమ్ అమ్మాయి కావచ్చా?

1979లో కవలలు పుట్టారు, అబ్బాయి కిట్, అమ్మాయి హెలోయిస్. ప్రమాణంలో కొడుకులనే ఉంది గానీ, వంశంలో ఆడపిల్ల ముసుగు వేసుకున్న కథ ఫాక్ అంతకుముందే, 1952లోనే రాశాడు. 17వ ఫాంటమ్ చెల్లెలు జూలీ, అన్న స్థానంలో కొంతకాలం ఫాంటమ్‌గా తిరుగుతుంది. కాబట్టి హెలోయిస్ సంగతి ఊరికే కొట్టిపారేయకండి.

డయానా చనిపోయిందని ఎక్కడో చదివాను, నిజమా?

చనిపోలేదు. ఫాక్ 1999లో పోయాక కథలు రాస్తున్న టోనీ డిపాల్ 2009లో ఒక పెద్ద కథ మొదలుపెట్టాడు, బాంబు దాడిలో ఆమె పోయిందని అందరూ నమ్ముతారు. నిజానికి ఆమెని పొరుగుదేశం రోడియాలోని జైల్లో పడేస్తారు. 2011లో ఫాంటమ్ వెళ్లి విడిపించుకొస్తాడు. ఆ రెండేళ్లూ రోజూ పేపర్లో చదివినవాళ్ల గుండెలు అడిగితే తెలుస్తుంది.

సినిమాలో పెళ్లవుతుందా?

1996లో వచ్చిన హాలీవుడ్ సినిమాలో అవదు. బిల్లీ జేన్ ఫాంటమ్, క్రిస్టీ స్వాన్సన్ డయానా. రహస్యాన్ని తను పెళ్లాడబోయే మనిషికి మాత్రమే చెప్పగలనని చివర్లో ఒక మాట వస్తుంది, అక్కడితో ఆగిపోతుంది.

పెళ్లి తర్వాత కథలు పాడైపోయాయని అంటారు, మీరేమంటారు?

నేను ఒప్పుకోను. ఒంటరి హీరో కథల్లో పోయేది అతని ప్రాణమే, అతను చావడని మనకి ముందే తెలుసు. పెళ్లయ్యాక అతను గుహ వదిలి వెళ్లిన ప్రతిసారీ వెనక ముగ్గురు ఎదురుచూస్తుంటారు. చావు భయం అప్పుడు గానీ నిజంగా కథలోకి రాదు. అయితే పెళ్లయిన కొత్తలో కొన్ని కథలు కాస్త మెత్తబడిన మాట నిజమే, పిల్లల ముచ్చట్లు ఎక్కువయ్యాయి.

ఇప్పుడు చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

1977 దగ్గరికి నేరుగా దూకకండి. ముందు 1936 నాటి సింగ్ దొంగల కథ చదవండి, అందులో డయానా ఎవరో తెలుస్తుంది. తర్వాత కిట్ చిన్ననాటి కథ. ఆ తర్వాత పెళ్లి, కవలల కథలు వరసగా. పాత డైలీలని అమెరికాలో హెర్మిస్ ప్రెస్ సంపుటాలుగా వేసింది, ఈ స్ట్రిప్ సిండికేట్ కింగ్ ఫీచర్స్ వాళ్ల కామిక్స్ కింగ్‌డమ్ సైట్‌లో చందా కట్టి చదువుకోవచ్చు. ఇంద్రజాల్ పాత సంచికలు దొరికితే వదలకండి గానీ, పేజీలకి సరిపెట్టడానికి వాళ్లు కొన్ని ఫ్రేములు తీసేసేవాళ్లు, అందుకని కథ ఎక్కడైనా గెంతినట్టు అనిపిస్తే అసలు స్ట్రిప్‌తో పోల్చి చూసుకోండి.